వేగంగా వెళ్లినందుకు ఓడిపోవడమేమిటి? కొత్తవారికి ఏ డ్రాగ్ రేసింగ్ పద్ధతి నప్పుతుంది?

లేన్_రెండు
తిన్నని ట్రాకు మీద రెండు కార్లు పక్కపక్కన పరుగు తీసే డ్రాగ్ రేసింగ్‌లో నిరుడు రెండుసార్లు హెడ్స్-అప్ పోటీకి వెళ్లి, రెండుసార్లూ మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టాను. ఇద్దరికీ ఒకేసారి పచ్చదీపం, ముందు గీత దాటినవాడిదే గెలుపు. ఎదుటి కారు నాదానికంటే రెండు సెకన్లు ముందుండేది కాబట్టి ఆ ఓటమి మీద నాకు ఫిర్యాదు లేదు. నా కారు రోజూ పనికి వెళ్లివచ్చే మామూలు కారు కనుక, నెమ్మది కారును ముందుగా వదిలే బ్రాకెట్ పోటీ అయితే సమంగా ఉంటుందని ఎవరో చెబితే పోయిన వారం అక్కడికి వెళ్లాను. పావు మైలుకు నా అంచనా సమయం, అంటే డయల్-ఇన్, 14.20 అని అద్దం మీద రాశాను. ఈ కారుతో ఇంతవరకు ఎన్నడూ రాని 14.13 వచ్చింది, గీత కూడా నేనే ముందు దాటాను, అయినా గెలుపు దీపం అవతలి లేనులో వెలిగింది. నేను చెప్పిన దానికంటే త్వరగా చేరానట, దాన్ని బ్రేకవుట్ అంటారట. మంచి పరుగు తీసినందుకు శిక్ష వేసే పోటీని పోటీ అనడం ఎలాగో నాకు బోధపడలేదు. హెడ్స్-అప్, బ్రాకెట్, ఇండెక్స్, ఈ మూడింటిలో నాలాంటివాడు దేన్ని పట్టుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాతబోల్టు
ఆ నియమం లేదనుకుని ఒక్కసారి ఆలోచించండి. 14.20లో వెళ్లగల మీరు అద్దం మీద 16.00 అని రాస్తారు. మీలాంటి కారే ఉన్న అవతలివాడికంటే దాదాపు రెండు సెకన్లు ముందుగా మీకు పచ్చదీపం వస్తుంది, మీరు తాపీగా గెలుస్తారు. అవతలివాడు వచ్చే వారం 18.00 అని రాస్తాడు. నెల తిరిగేసరికి అందరూ ఎడ్లబండి సమయాలే రాసుకుని వస్తారు. నెమ్మది కారుకు ముందస్తు ఆరంభం ఇచ్చే పోటీలో, తన కారు సమయాన్ని నిజాయితీగా చెప్పించడానికి బ్రేకవుట్ తప్ప వేరే తాళం లేదు. మీకు పడింది మంచి పరుగుకు శిక్ష కాదు, మీ కారును మీరు తక్కువ అంచనా వేసుకున్నందుకు పడిన శిక్ష. ఇద్దరూ బ్రేకవుట్ అయితే తక్కువ తేడాతో దాటినవాడు గెలుస్తాడు. ఎదుటివాడు పచ్చదీపం రాకముందే కదిలి ఎర్రదీపం తెచ్చుకుంటే మాత్రం మీరు ఎంత త్వరగా చేరినా గెలుపు మీదే.

రబ్బరువాసన
పాతబోల్టు గారి తర్కంలో తప్పు లేదు, కానీ నాకు ఆ ఆట రుచించదు. ప్రేక్షకుల్లో కూర్చున్న చిన్నపిల్లవాడికి కూడా ఎవరు గెలిచారో కంటితో చూసి తెలియాలి. వెనక వచ్చినవాడు గెలిచాడంటే వాడికి పక్కన కూర్చుని లెక్కలు చెప్పవలసి వస్తుంది. లేన్_రెండు గారు ఓడింది హెడ్స్-అప్ పద్ధతి వల్ల కాదు, తన కారుకు సరిపోని తరగతిలో దిగడం వల్ల. టైరు వెడల్పు, బరువు, టర్బో ఉందా లేదా వంటి హద్దులతో విడదీసిన తరగతిలో దిగితే పోటీ సమంగానే ఉంటుంది.

గేరుమార్పు
మొదటి ఏడాది సమంగానే ఉంటుంది. నేను అలాంటి టైరు తరగతిలోనే నాలుగేళ్లు ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మొదటి ఏడాది మా గుంపులో అందరివీ అటూ ఇటూగా ఒకే సమయాలు. రెండో ఏడాది ఒకాయన పెద్ద టర్బో పెట్టాడు. నియమాల్లో దాని పరిమాణం గురించి ఏమీ లేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. ఆయనను అందుకోవడానికి మిగిలినవాళ్లం కూడా పెట్టాం, దానికి క్లచ్ ఆగలేదు, క్లచ్ మారిస్తే గేరుబాక్సు ఆగలేదు, గేరుబాక్సు గట్టిదైతే వెనక ఇరుసు విరిగింది. నాలుగో ఏడాది చివరికి పదిహేను కార్లలో ఐదు మిగిలాయి. హెడ్స్-అప్‌లో మీ ప్రత్యర్థి పక్క లేనులో ఉన్నవాడని అనుకుంటారు, నిజానికి అతని జేబు.

ఇరుసు_విరిగినవాడు
నన్ను ఎవరో పిలిచినట్టుంది.

వెయ్యోవంతు
లేన్_రెండు గారూ, ఆ పరుగు టైమ్ స్లిప్, అంటే సమయాలు అచ్చువేసి ఇచ్చే చీటీ, ఇంకా దగ్గర ఉంటే రెండు లేన్ల అంకెలూ ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా ఇద్దరి రియాక్షన్ టైములు కావాలి.

లేన్_రెండు
ఉంది. నాది: డయల్-ఇన్ 14.20, రియాక్షన్ 0.520, పరుగు 14.13. అవతలిది: డయల్-ఇన్ 15.00, రియాక్షన్ 0.390, పరుగు 15.08.

వెయ్యోవంతు
ఇందులో మీరు గమనించని సంగతి ఒకటి ఉంది. డయల్-ఇన్‌ల మధ్య తేడా 0.80 సెకను కాబట్టి ఆయన పచ్చదీపం వెలిగిన 0.80 సెకను తర్వాత మీది వెలిగింది. ఆయన దీపం వెలిగిన క్షణం నుంచి లెక్క కడితే, ఆయన 0.390 + 15.08, అంటే 15.470 దగ్గర గీత దాటారు. మీరు 0.80 + 0.520 + 14.13, అంటే 15.450 దగ్గర దాటారు. మీ ఆధిక్యం 0.020 సెకను. గంటకు 155 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 86 సెంటీమీటర్లు. సరే, ఇప్పుడు మీరు రాసినట్టే సరిగ్గా 14.20లో పరుగెత్తారనుకుందాం, అప్పుడు 15.520 అవుతుంది, 0.050 తేడాతో ఓడిపోతారు. అంటే ఆ రోజు బ్రేకవుట్ కాకుండా మీరు గెలిచే దారే లేదు. మీరు ఓడింది గీత దగ్గర కాదు, దీపాల దగ్గర. 0.520 చూస్తుంటే పచ్చదీపం వెలిగేదాకా ఆగి కాలు కదిపినట్టున్నారు. ఔనా?

లేన్_రెండు
ఔను. పచ్చదీపం కోసమే కదా ఆగేది?

కాలిబ్రేకు
దాదాపు కొత్తవారందరూ చేసే పొరపాటే ఇది, నేనూ ఒక సీజను మొత్తం చేశాను. మామూలు ట్రీలో, అంటే ఆరంభ గీత దగ్గరి దీపాల స్తంభంలో, మూడు పసుపు దీపాలు అర సెకను ఎడంతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, మూడోది వెలిగిన అర సెకనుకు పచ్చది వస్తుంది. రియాక్షన్ టైము అనేది మీ కాలు ఎప్పుడు కదిలిందన్న లెక్క కాదు, పచ్చదీపం వెలిగాక ముందు చక్రం స్టేజ్ కిరణం దాటి బయటపడడానికి పట్టిన సమయం. కన్ను చూసి కాలు కదలడానికి కొంత, కారు బరువు ముందుకు జరిగి చక్రం దొర్లడానికి మరికొంత పడుతుంది. ఆ రెండూ కలిసి మామూలు కారుకు ఇంచుమించు అర సెకను అవుతాయి కాబట్టే మూడో పసుపు వెలగగానే బయలుదేరాలి. అప్పుడు మీ కారు దొర్లేసరికి పచ్చదీపం వచ్చి ఉంటుంది. అది రాకముందే దొర్లితే ఎర్రది.

పచ్చదీపం
హెడ్స్-అప్‌లో, ఇండెక్స్‌లో చాలాచోట్ల ప్రో ట్రీ వాడతారు. అక్కడ మూడు పసుపు దీపాలూ ఒక్కసారే వెలిగి, 0.4 సెకనుకే పచ్చది వస్తుంది. మామూలు కారుతో ఆ ట్రీ మీద మంచి అంకె తెచ్చుకోవడం చాలా కష్టం, ఎందుకంటే మనిషి ఎంత చురుకైనవాడైనా కారు దొర్లడానికి దాని సమయం అది తీసుకుంటుంది. పద్ధతి ఎంచుకునేటప్పుడు ఏ ట్రీ వాడతారో ముందే కనుక్కోవాలి.

రబ్బరువాసన
వెయ్యోవంతు గారి లెక్క నా మాటనే బలపరుస్తోంది. ఒక మనిషి ఎందుకు ఓడాడో తెలుసుకోవడానికి మూడు వరుసల కూడికలు కావలసి వచ్చాయి.

వెయ్యోవంతు
హెడ్స్-అప్‌లో మూడు వరుసలు అక్కరలేదు, నిజమే. ‘అతని దగ్గర డబ్బు ఎక్కువ’ అనే ఒక్క వరుస చాలు.

తొమ్మిది_తొంభై
మూడో పద్ధతి గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, నా పేరే అందులోంచి వచ్చింది. ఇండెక్స్ పోటీలో సమయాన్ని మీరు రాసుకోరు, తరగతే నిర్ణయిస్తుంది. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వారి సూపర్ కాంప్‌కు 8.90, సూపర్ గ్యాస్‌కు 9.90, సూపర్ స్ట్రీట్‌కు 10.90 సెకన్లు. ఇద్దరి లక్ష్యమూ ఒకటే కాబట్టి ఇద్దరికీ ఒకేసారి దీపం వస్తుంది, రబ్బరువాసన గారి చిన్నపిల్లవాడికి సగం సందేహం అక్కడే తీరుతుంది. మిగిలిన సగం తీరదు, ఎందుకంటే ఇక్కడా ఇండెక్స్ కంటే త్వరగా చేరితే బ్రేకవుటే. పైగా ఈ తరగతుల్లో గట్టి పోటీదారులు ఎనిమిది సెకన్లలోపు వెళ్లగల కారును తెచ్చి, థ్రాటిల్ స్టాప్ అనే పరికరంతో మధ్యలో కొంతసేపు దాని ఊపిరి బిగబట్టి, 8.90కి సరిపెడతారు. అలాంటి కారు చివరి సగంలో రాకెట్టులా దూసుకొస్తుంది, ఎదుటి కారును ముందు పెట్టుకుని గీత దగ్గర బేరీజు వేసుకోవడం దాని డ్రైవరుకు సులువు. లేన్_రెండు గారి కారుకు ఈ మూడు తరగతులూ అందవు. అయితే కొన్ని ట్రాకుల్లో మామూలు కార్ల కోసం 12.00, 13.00, 14.00 లాంటి గుండ్రని సమయాలతో ఇండెక్స్ పోటీలు పెడతారు. 14.00 తరగతి దొరికితే 14.13 కారుకు దాదాపు అతికినట్టు సరిపోతుంది.

గేరుమార్పు
సరిపోతుందనే మాట చల్లని సాయంత్రానికి మాత్రమే. ఎండవేళ గాలి పలచబడితే అదే కారు 14.40 అంటుంది. ఇండెక్స్‌లో మీరు 14.00ని మార్చలేరు, కాబట్టి ఆ రోజు సెకనులో పదో వంతులు పోగొట్టుకుని కూర్చోవాలి. బ్రాకెట్‌లో అయితే అద్దం మీద అంకె చెరిపి మరొకటి రాస్తే సరి. ఇండెక్స్ ఆడాలంటే కారు ఆ సమయం కంటే కొంచెం త్వరగా వెళ్లగలిగి ఉండాలి, దాన్ని తగ్గించుకునే ఉపాయం డ్రైవరుకు తెలిసి ఉండాలి. కొత్తవాడికి ఇవి రెండు కొత్త తలనొప్పులు.

తొమ్మిది_తొంభై
ఒప్పుకుంటున్నాను. నేనూ నాలుగేళ్లు బ్రాకెట్ ఆడాకే ఇటు వచ్చాను.

పాతబోల్టు
భద్రత సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఏ పద్ధతి ఎంచుకుంటారన్న దాన్నిబట్టి ఖర్చు మారేది ఇక్కడే. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమావళిలో పావు మైలును 13.99 సెకన్లలో గానీ అంతకంటే త్వరగా గానీ దాటే కారు డ్రైవరుకు హెల్మెట్ తప్పనిసరి. 11.49కి చేరితే, కారు బోల్తాపడినా డ్రైవరును కాపాడే ఇనుప కమ్మీ, రోల్ బార్ కావాలి. 9.99కి చేరితే డ్రైవరు చుట్టూ పూర్తి ఇనుప చట్రం, అంటే రోల్ కేజ్, దానితోపాటు పోటీ లైసెన్సు కూడా కావాలి. ఇటీవలి తయారీ కార్లకు కొంత సడలింపు ఉంది గానీ మొత్తం మీద మెట్లు ఇవే. బ్రాకెట్‌లో 14.20 దగ్గర ఏళ్ల తరబడి హాయిగా ఉండిపోవచ్చు, అక్కడ మిమ్మల్ని కింది మెట్టుకు తోసేవాడు ఎవడూ ఉండడు. హెడ్స్-అప్‌లో గెలవాలంటే ప్రతి ఏడాదీ మెట్టు దిగుతూ పోవాలి, దిగిన ప్రతి మెట్టు దగ్గరా కొత్త ఇనుము కొనాలి. అన్నట్టు, 14.13 వచ్చిన కారు 13.99కి ఎంతో దూరంలో లేదు కాబట్టి నియమం అడిగినా అడగకపోయినా లేన్_రెండు గారు హెల్మెట్ పెట్టుకుంటే మేలు.

లేన్_రెండు
హెల్మెట్ ఉంది. ఇంకొక సందేహం. నేను దిగిన బ్రాకెట్ పోటీలోనే పక్క తరగతిలో ఒక పెద్దాయన వరసగా 0.010, 0.014, 0.008 రియాక్షన్లు తెచ్చారు. మనుషులకు అది సాధ్యమేనా?

కాలిబ్రేకు
ఆయన కారులో డిలే బాక్స్ ఉండి ఉంటుంది. ఎలక్ట్రానిక్స్‌ను అనుమతించే తరగతుల్లో డ్రైవరు మూడో దీపం కోసం ఆగడు. మొదటి పసుపు దీపం వెలగగానే బొత్తాము వదిలేస్తాడు. ఆ క్షణం నుంచి పెట్టె తనలో ముందే నింపిన సమయాన్ని, వెయ్యో వంతుల దాకా, లెక్కపెట్టి, గేరుబాక్సులోనే కారును పట్టి ఉంచే ట్రాన్స్‌బ్రేకును విడుదల చేస్తుంది. రెండో దీపం, మూడో దీపం డ్రైవరు మనసును తొందరపెట్టే అవకాశమే ఉండదు కాబట్టి అంకెలు అంత దగ్గరగా వస్తాయి. నేను అలాంటివాళ్లతో తలపడను. కాలితో బ్రేకు తొక్కిపట్టి, కాలితోనే వదిలే ఫుట్‌బ్రేక్ తరగతి చాలా ట్రాకుల్లో వేరుగా ఉంటుంది, మీరు దిగవలసింది అందులో.

తొమ్మిది_తొంభై
డిలే బాక్స్ ఉన్నంత మాత్రాన 0.010 ఉచితంగా రాదు. పెట్టె ఎప్పుడూ ఒకే సమయం లెక్కపెడుతుంది, కాబట్టి వేలు కూడా ప్రతిసారీ ఒకేలా కదలాలి. వేలు 0.020 సెకను తడబడితే స్లిప్ మీద అదే 0.020 కనిపిస్తుంది. కాలిబ్రేకు గారు దాన్ని మోసంలా మాట్లాడుతున్నారు.

కాలిబ్రేకు
మోసమని అనలేదు. మామూలు కారు తెచ్చినవాడిని వాళ్లతో ఒకే గుంపులో కలపడం అన్యాయమని అన్నాను.

పచ్చదీపం
ఆ గొడవ వేరే చర్చకు మార్చుకోండి. పద్ధతుల విషయానికి వస్తే, టెస్ట్ అండ్ ట్యూన్ రోజులను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆ రోజు గెలుపూ లేదు, ఓటమీ లేదు, ఎన్నిసార్లు వరుసలో నిలబడితే అన్ని పరుగులు, ప్రతి పరుగుకూ ఒక స్లిప్. పోటీ రోజున మొదటి రౌండులో ఓడితే రెండు మూడు అభ్యాస పరుగులతో సరిపెట్టుకుని ఇంటికి పోవాలి. కొన్నిచోట్ల మొదటి రౌండులో ఓడినవారు మళ్లీ రుసుము కట్టి లోపలికి వచ్చే బైబ్యాక్ సదుపాయం ఉంటుంది, అది ఒక్కసారే. డయల్-ఇన్ అంటే ఒక మంచి పరుగు మీద రాసే అంకె కాదు, ఇరవై పరుగులు చూశాక రాసే అంకె. లేన్_రెండు గారు 14.20 ఎన్ని పరుగుల మీద రాశారు?

లేన్_రెండు
మూడు.

ఇరుసు_విరిగినవాడు
నేను ఒక్క పరుగు మీద రాసేవాడిని. సాధారణంగా రెండో పరుగే ఉండేది కాదు.

రబ్బరువాసన
దూరం మాట కూడా ఎత్తండి. పావు మైలు 1320 అడుగులు, అరపావు మైలు 660 అడుగులు. నైట్రో ఇంధనంతో నడిచే పై తరగతులను 2008లోనే 1000 అడుగులకు కుదించారు, మిగిలినవారికి ఎక్కువగా ఆ రెండు దూరాలే వాడుకలో ఉన్నాయి. మామూలు కార్ల హెడ్స్-అప్ అరపావు మైలులో పెడితే, కారు గుర్రపుశక్తి కంటే బయలుదేరడంలో డ్రైవరు నేర్పు ఎక్కువ లెక్కకు వస్తుంది. ఇంజను మీద అరిగింపు కూడా తగ్గుతుంది. నా పద్ధతిని పూర్తిగా కొట్టిపారేసే ముందు దీన్ని కూడా చూడండి.

పాతబోల్టు
ఇది మంచి మాట. ఈ చర్చలో మీరు అన్నవాటిలో నేను మొదటిసారి ఒప్పుకున్నది ఇదే.

గేరుమార్పు
రోల్ రేసింగ్ గురించి కూడా ఒక మాట చెప్పి వదిలేస్తాను. నిలబడి కాకుండా ఇద్దరూ పక్కపక్కన ఒక వేగంతో దొర్లుతూ వచ్చి, అక్కడి నుంచి పరుగు తీస్తారు. ఇరుసులు విరగవు, టైరు పట్టు సమస్య సగం తగ్గుతుంది, కొత్తవాడికి నడపడం తేలిక. కానీ బయలుదేరే కళ పోతుంది, మిగిలేది ఇంజను బలం ఒక్కటే. ట్రాక్ మీద జిగురు చల్లకుండా పెట్టే నో-ప్రెప్ పోటీలు దీనికి సరిగ్గా తలకిందులు, అక్కడ పట్టు దొరకడమే గొప్ప. కారు అడ్డం తిరిగినప్పుడు ఏం చేయాలో చేతులకు తెలియనివారు వాటి జోలికి పోవద్దు. ఈ రెండూ ట్రాకు మీద, అంబులెన్సు నిలబడి ఉన్నచోట మాత్రమే. రోడ్డు మీద చేస్తే దానికి పద్ధతి అనే పేరు పెట్టకూడదు.

కాలిబ్రేకు
లేన్_రెండు గారికి వచ్చే పోటీకి ముందు పనికొచ్చేవి కొన్ని చెబుతాను. మామూలు రోడ్డు టైర్లు ఉంటే, రేసు టైర్లను తడిపి తిప్పి వేడెక్కించడానికి ఆరంభ గీత వెనక ఉండే నీళ్ల గుంట మీదుగా పోకండి, పక్కనుంచి తిప్పుకుని రండి. లేకపోతే టైరు గాళ్లలో చిక్కుకున్న నీరు ఆరంభ గీత దాకా కారుతుంది. ఏసీ ముందే ఆపేయండి, దాని నీరు లేనులో చుక్కలు పడితే వెనక వచ్చేవాడు జారతాడు. స్టేజింగ్ లైటు వెలిగిన వెంటనే ఆగండి, ఇంకా ముందుకు దొర్లకండి. అక్కడ రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ అయినా రియాక్షనూ మారుతుంది, పరుగు సమయమూ మారుతుంది. ప్రతిసారీ ఒకే చోట ఆగగలిగితే సగం పని అయినట్టే.

వెయ్యోవంతు
స్లిప్ మీద అన్నిటికంటే ముందు 60 అడుగుల అంకె చూడండి. మొదటి 60 అడుగుల్లో పదో వంతు సెకను పోతే పావు మైలు చివర అది సుమారు ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు అవుతుంది. మీ 14.13 ఎక్కడినుంచి వచ్చిందో ఆ అంకెలోనే దొరకవచ్చు.

లేన్_రెండు
వెతికి చూశాను. మామూలుగా 2.30 వచ్చేది ఆ పరుగులో 2.25 ఉంది. ఆ రోజు కారు అంత బాగా ఎందుకు లేచిందా అనుకున్నాను, సాయంత్రం ట్రాకు మీద పట్టు పెరిగింది కాబోలు. ముందుగా రెండు టెస్ట్ అండ్ ట్యూన్ రోజులు, తర్వాత ఫుట్‌బ్రేక్ బ్రాకెట్, ఇదీ నా నిర్ణయం. రబ్బరువాసన గారు నొచ్చుకోకూడదు.

రబ్బరువాసన
నొచ్చుకోను. కారు బాగుపడ్డాక మా వైపు వస్తారు, అందరూ వస్తారు.

గేరుమార్పు
వచ్చినవాళ్లలో సగం మంది తిరిగి వెళ్తారు, నేను వెళ్లాను.

లేన్_రెండు
ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. రెండు అభ్యాస రోజుల్లో పంతొమ్మిది పరుగులు తీశాను. నిన్న ఫుట్‌బ్రేక్‌లో 14.22 రాసి దిగాను. మొదటి రౌండు 0.118 రియాక్షన్‌తో, రెండో రౌండు 0.091తో గెలిచాను. రెండో దానిలో అవతలి కారు వెనక నుంచి దూసుకొస్తుంటే గీత ముందు కొద్దిగా బ్రేకు తాకాను, 14.24తో దాటాను, ఆయన బ్రేకవుట్ అయ్యారు. ఐదు వారాల కింద నేను తిట్టిన నియమమే నన్ను గెలిపించింది. మూడో రౌండులో తొందరపడి ఎర్రదీపం తెచ్చుకున్నాను, తేడా 0.008 సెకను.

పాతబోల్టు
మొదటి సీజనులో మూడో రౌండు చూసినవారు తక్కువ. ఎర్రదీపం 0.008తో వచ్చిందంటే చూడాల్సిన దీపాన్నే చూస్తున్నారన్నమాట. స్టేజింగ్ ప్రతిసారీ ఒకే చోట జరిగిందా?

లేన్_రెండు
మూడో రౌండులో ఒక అంగుళం ముందుకు దొర్లాననుకుంటాను. మిగిలినవన్నీ ఒకే చోట. 60 అడుగుల అంకెలు వరసగా ఇవి: 2.30, 2.29, 2.31.

ఇరుసు_విరిగినవాడు
ఆ మూడు అంకెలూ కాగితం మీద రాసి పంపండి, నా కారుకు చదివి వినిపిస్తాను.